చాయ్ పంచుతుండగా అయిన తీర్మానం

గడియ ఎందుకు, తలుపు ఊరికే చేరేసుకుంటే చాలదా అన్న దగ్గరికి వచ్చింది మాట. అంతకుముందు అసలు తలుపు వేసుకోవడమెందుకు అన్న దగ్గర ఉండింది, దానికి ముందు ఇవాళ్టికి మానుకుంటే ఏమవుతుంది అన్న దగ్గర. ఏడున్నరకు మొదలై పావుగంటలో ఇంత దూరం వచ్చింది. నేను పడకగదిలో కిటికీ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని కూర్చున్నాను, గడియ పెట్టే ఉంది. హాల్లో మా అత్తమ్మ తిరుపతమ్మ, మా ఆయన భాస్కర్, మా అమ్మాయి అర్చన నా గురించి నేను ఊళ్ళో లేనట్టు మాట్లాడుకుంటున్నారు. తలుపు చేరేస్తే లోపలి మనిషి పనిలో ఉన్నట్టు, గడియ పెడితే అలిగినట్టు అంటుంది అత్తమ్మ. పదిహేను రోజులకు ఒక్క గంట, అదీ ఇదే ఆఖరుది, వదిలెయ్యమంటాడు ఆయన, అని, అంతలోనే గొంతు తగ్గించి, ఇవాళ మాత్రం మామ వచ్చిండు గదా అని తల్లి వైపుకు జరుగుతాడు. అర్చన డిగ్రీ రెండో సంవత్సరం, కోచింగ్ నడుమ లేపొద్దు నానమ్మా అంది. దానికి అత్తమ్మ అన్న మాట మాత్రం తలుపు దాటి తిన్నగా నా దగ్గరికే వచ్చింది.

“కోచింగ్ అంటే పిల్లలకు, పరీక్షలకు. నలబై ఆరేండ్ల మనిషికి ఏం పరీక్షనే?”

నవ్వొచ్చింది, ఎందుకంటే ఉంది పరీక్ష, పది గంటలకు, పరీక్ష పెట్టే మనిషి మా హాల్లోనే కూర్చొని మిరపకాయ బజ్జీ నంజుకుంటూ ఉగ్గాని తింటున్నాడు. కురుమూర్తి మామ. అత్తమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, మా కంపెనీకి చైర్మన్. తెల్లవారి రాజోలి నుంచి కారులో వచ్చాడు, నన్ను ఎక్కించుకొని ఆఫీసులో పది గంటల బోర్డు మీటింగుకు పోదామని. తలుపు గురించి ఒక్క ముక్క అనలేదు, కానియ్యనీ, టైముంది అన్నాడంతే. ఆయన ఏమీ అనకపోవడమే నాకెప్పుడూ బరువు. అరిచే మనిషి అయితే ఎదురు అరిచి ఉండేదాన్నేమో, మామ ఎప్పుడూ అరవడు, బిడ్డా అంటాడు, ఆ బిడ్డా అన్న మాటకు ఇరవై రెండేళ్ళుగా నా తల దానంతటదే ఊగుతుంది.

అత్తమ్మకు ఇంకో అనుమానం కూడా వచ్చింది, లోపల మాట కూడా వినిపిస్తలేదు, ఈమె అసలు ఫోన్ల మాట్లాడుతుందా పండుకుందా అని. మాట్లాడటం లేదు అత్తమ్మా. ఫోను బోర్లా పెట్టి ఉంది. నా కోచ్ సయీదా మేడమ్ ఇవాళ ఫోన్ చెయ్యదు. పదకొండు గంటలు నేనడిగిన, పన్నెండో గంట నిన్ను నువ్వే అడుగుకో అంది పోయినసారి. ఎనిమిదిన్నర దాకా ఈ గంట నాది, ఇందులో ఒక్క విషయం తేలాలి. సంతకం పెట్టాలా వద్దా.

కాగితం మామ సంచిలో ఉంది. హైదరాబాదులోని ఒక పెద్ద చీరల దుకాణం దసరా లోపల పన్నెండు వందల గద్వాల చీరలు కావాలంది. మా నడిగడ్డ నేత ఉత్పత్తిదారుల కంపెనీలో మగ్గాలన్నీ ఆగకుండా నడిచినా అప్పటికి నాలుగు వందలే దిగుతాయి. మిగతా ఎనిమిది వందలు బయట మరమగ్గాల మీద దించి, వాటికి కూడా మా చేనేత లేబులే కుట్టి పంపుదామని పోయిన నెల బోర్డు తీర్మానం చేసింది. అందరి సమ్మతితో అని రాసి ఉంది. ఆ అందరిలో నేనూ ఉన్నాను, ప్రధాన అధికారిని, నాలుగేళ్ళుగా. ఒప్పందం మీద చైర్మన్ సంతకం పడింది, నాది పడాలి. ఆ తీర్మానం అయినప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను, చాయ్ పంచుతున్నాను.

ఆ రోజు ఆఫీసులో చాయ్ పెట్టే సరోజ రాలేదు, కొడుక్కు జ్వరం. బల్ల చుట్టూ ఎనిమిది మంది మగవాళ్ళు, నేను. లెక్క ప్రకారం మగ్గాల పరిస్థితి చెప్పాల్సింది నేనే, ఫైలు విప్పాను కూడా. రజనీ, జర చాయ్ సంగతి చూడు బిడ్డా అన్నాడు మామ. చైర్మన్‌గా కాదు, మామగా. నేను కోడలిగా లేచాను. ఫైలు మీద కళ్ళజోడు పెట్టి వెనక గదిలోకి పోయి, గ్యాస్ వెలిగించి, అల్లం దంచి వేసి మరీ పెట్టాను. ట్రేతో వచ్చేసరికి మాట మరమగ్గాల దగ్గరుంది. రంగుల పని చూసే అబ్దుల్ రహమాన్ సాబ్‌కు చక్కెర లేనిది వేరే గ్లాసులో ఇస్తూ విన్నాను, అందరికీ సరేనా అని మామ అడగడం. ఎవరూ వద్దనలేదు. నా చేతిలో ఇంకా మూడు కప్పులున్నాయి. అవి ఇచ్చేశాక చెబుదామనుకున్నాను. ఇచ్చేసరికి తీర్మానం నంబరు కూడా పడిపోయింది.

ఇదంతా మామ తప్పని సయీదా మేడమ్‌తో చెప్పుకున్నాను, తొమ్మిదో గంటలోనో పదో గంటలోనో. మగవాళ్ళ మధ్య పని చెయ్యడం గిట్లుంటది మేడమ్ అని ఒకటే ఏకరువు. ఆమె అంతా విని, మధ్యలో ఒకసారి దగ్గి, నీళ్ళు తాగి, ఒకటే అడిగింది, లేచినప్పుడు నీ పానానికి ఎట్లనిపించింది రజనీ అని. కోపం అన్నాను. ఇంకా అంది. అవమానం అన్నాను. ఇంకా అంది. ఆమె ఇంకా అంటే తప్పించుకోవడం కష్టం, ఫోన్ తెర మీద ఆ మొహం అట్లాగే ఉంటుంది, తెల్ల జుట్టు మీద దుపట్టా, తొందర లేని కళ్ళు. చివరికి నా నోట్లోంచే వచ్చింది. హాయిగా అనిపించింది. లేవమనగానే హాయిగా అనిపించింది, ఎందుకంటే ఇక మాట్లాడే పని లేదు. లేవమన్నది మామే, లేచింది నేను. అల్లం దంచమని ఎవరన్నారు నన్ను, నిమిషంలో అయ్యే చాయ్‌ని పది నిమిషాలు ఎందుకు మరిగించాను. ఆ రోజు ఫోన్ పెట్టేశాక ఇదే కుర్చీలో ఏడ్చాను, తర్వాత వింతగా ఒళ్ళు తేలికైంది. వేరేవాళ్ళ తప్పయితే నేను చేసేదేమీ లేదు, నాదైతే ఏదో చెయ్యొచ్చు.

కుక్కర్ కూత పెట్టింది. రెండు. పప్పుకు మూడు చాలు, అర్చన వింటుందో లేదో. లేచి చెబుదామని కాళ్ళు కదిలాయి, కదలనివ్వలేదు. మాడితే మాడనీ. ఇది కూడా మేడమ్ పెట్టిన అలవాటే, నువ్వు లేవకపోతే ఎవరు లేస్తరో ఒకసారి చూడు అని. మూడో కూతకు స్టవ్ కట్టేసిన చప్పుడు. మా ఆయనే లేచినట్టున్నాడు, చెప్పుల శబ్దం అదే.

మొదటిసారి మేడమ్‌ని చూసింది వనపర్తిలో. పాలకేంద్రాలు, పల్లీ మిల్లులు, మాలాంటి కంపెనీలు నడిపే ఆడవాళ్ళని పద్దెనిమిది మందిని ఒక హాల్లో కూర్చోబెట్టారు, ఒక్కొక్కరికి ఒక కోచ్ అన్నారు. నాకు సయీదా మేడమ్ వచ్చింది. పుట్టింది బిజినేపల్లి, బ్యాంకులో ముప్పై నాలుగేళ్ళు చేసి పెద్ద ఆఫీసరుగా దిగిపోయింది, ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో ఉంటుంది. నోటు పుస్తకం తీసి మొదటి పేజీ మీద తారీకు వేసుకున్నాను, ఇంగ్లీషులో దబాయించి మాట్లాడటం నేర్పుతారనుకున్నాను. నేను నీకేం నేర్పను, అడుగుత అంతే, నీకు తెలిసిందే నీ నోటితోని నీకు వినిపిస్త అంది. దీనికోసమా ఆదివారం పూట బస్సు పట్టుకొని వచ్చింది అనుకున్నాను. రెండోసారికి ఒక మీటింగులో నా పది నిమిషాల మాటలు రికార్డు చేసి తెమ్మంది. విన్నాం ఇద్దరం. తప్పుగ అనుకోకుండ్రి, తప్పుగ అనుకోకుండ్రి. పది నిమిషాల్లో పదకొండు సార్లు. నూలు రాలేదు అని చెప్పడానికి కూడా తప్పుగ అనుకోకుండ్రి. ఏం తప్పు చేస్తున్నవు రజనీ అని అడిగింది. నూలు రాకపోవడం నా తప్పు కాదు. మాట్లాడటమే తప్పనుకుంటున్నానని అప్పుడు తెలిసింది.

అది ఒక్కటే అయితే బాగుండు. నోరు మూసుకున్నదంతా ఎక్కడికో పోవాలి కదా, పూర్ణిమ మీదికి పోయింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, డిజైన్లు చూస్తుంది. ఆ తీర్మానం అయిన మర్నాడు అంచు రంగు నమూనా ఒకటి తప్పు పెట్టిందని గోదాములో నలుగురి ముందు అరిచాను, నా గొంతు నాకే పరాయిగా వినిపించేంత. చీరల మడతల వెనక నిలబడి ఏడ్చింది. చప్పుడు లేకుండా ఉండటం, అరవడం, ఈ రెండూ ఒకే భయం అంది మేడమ్, తను తెలకపల్లి బ్రాంచిలో మొదటి రెండేళ్ళు గుమాస్తాల మీద అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్న సంగతి చెప్పి. నడుమ ఇంకో గొంతు ఉంటది, అది నీకు ఎక్కడన్నా వినిపించిందా అని అడిగింది. మర్నాడు పూర్ణిమకు సారీ చెప్పాను, ఆ నలుగురి ముందే. ఆమె కంగారుపడి చాయ్ తెస్త మేడం అంది. వద్దు, కూసో అన్నాను.

పెబ్బేరు జ్ఞాపకమొచ్చింది తర్వాత. వనపర్తి నుంచి తిరిగొస్తున్న రోజుల్లోనే ఒకసారి సంత రోజు పడింది, బస్సు అరగంట ఆగిపోయింది, కిటికీలోంచి చూస్తే రోడ్డు నిండా పశువులు. ఒకావిడ బర్రెను అమ్ముతోంది. యాభై ఏళ్ళుంటాయి, మగతోడు లేదు. నలుగురు దళారులు చుట్టూ చేరి ఒకడు పళ్ళు చూస్తాడు, ఒకడు ఈతలు అడుగుతాడు, ఒకడు కాలు వంకరంటాడు, తువ్వాల కింద చెయ్యి పట్టి బేరం పెట్టబోతే ఆమె చెయ్యి ఇవ్వలేదు. చెప్పిన గదన్నా అంది, తన ధర మళ్ళీ ఒకసారి అదే గొంతుతో అంది, బకెట్ తెచ్చి బర్రె ముందు పెట్టింది. వాళ్ళ మొహాలు చూడలేదు, వాళ్ళు పోతారేమోనన్న ఆత్రం లేదు, పోకూడదన్న పంతమూ లేదు. బస్సు కదిలింది, ఆ బేరం ఏమైందో నాకు తెలియదు. తెలియకపోయినా ఆ గొంతు నాతో గద్వాల దాకా వచ్చింది.

ఆ గొంతు అంతకుముందు విన్నదే. అమ్మది. మా అమ్మ కమల మగ్గం నేసేది కాదు, పోగులు అతికేది. పాత పడుగు అయిపోయి కొత్త పడుగు ఎక్కించేటప్పుడు దాని కొస దీని కొస కలిపి మెలిపెట్టాలి, ఒక్కొక్క పోగు, వేల పోగులు. వేళ్ళు జారకుండా బూడిద అద్దుకొని కూర్చునేది. ఒక్క పోగు తప్పు జతపడితే ఆ గీత చీర పొడుగునా నడుస్తుంది. ఆ వేళలో ఆమెతో మాట్లాడకూడదని వీధి వీధికీ తెలుసు. సేట్లు వచ్చి నిలబడేవాళ్ళు, తొందరుంది కమలమ్మా అనేవాళ్ళు. తల ఎత్తకుండా జర ఆగుండ్రి అనేది, అంతే, చేతిలో ఉన్న పోగు అయ్యాక తలెత్తి అప్పుడు వాళ్ళ మాట వినేది. మా ఇంట్లో నాన్న మాటకు ఎదురు చెప్పి ఎరగదు, కానీ ఆ ఆగుండ్రి అన్న మాటకు నాన్న కూడా ఆగేవాడు. అది ధైర్యమని అప్పుడు ఎవరూ అనలేదు, పని అన్నారు. తను చేసే పని సంగతి తనకు తెలుసు కాబట్టి గొంతు పెంచే అవసరం ఆమెకు రాలేదు. మేడమ్‌కు ఇది చెప్పినప్పుడు ఆమె అడిగింది, నీ పని సంగతి నీకు తెలుసా రజనీ?

తెలుసు. గద్వాల చీర వెనక్కి తిప్పి వేలు పెడితే నూలు ఒంటికీ పట్టు అంచుకూ మధ్య ఆ కలుపు తగులుతుంది, ఇద్దరు కూర్చొని పోగు పోగుకూ ముడి వేసుకుంటూ వచ్చిన గీత. అది లేని ఎనిమిది వందల చీరలకు మా లేబుల్ కుడితే, ఒక్కావిడ, ఒక్క ఆవిడ చాలు, వెనక్కి తిప్పి చూసేది. ఆ తర్వాత మేము నేసిన నాలుగు వందలూ కూడా అబద్ధమే అవుతాయి. ఇది నాకు ఆ రోజు ట్రే పట్టుకున్నప్పుడూ తెలుసు. తెలియక ఊరుకున్నది కాదు.

మామకు తెలియదా మరి. తెలుసు, నాకంటే ఎక్కువ తెలుసు, ఆయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి పెరిగిన మనిషి. రాజోలిలో ఆగిపోయిన మగ్గాలు ఎన్నో వేళ్ళ మీద చెబుతాడు, ఎవరి మగ్గం మీద ఇప్పుడు బట్టలు ఆరేసుకుంటున్నారో చెబుతాడు. పెద్ద దుకాణం ఒకసారి చేజారితే మళ్ళీ రాదని ఆయన భయం, అది దురాశ కాదు. అదే కష్టంగా ఉంది. చెడ్డవాడైతే ఎంత సులువు. నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది ఆయనే, ఎం.కాం. చదివిన కోడలు ఇంట్ల ఉండంగ బయటోళ్ళెందుకు అని పదిమందిని ఒప్పించి. ఇప్పుడు ఆయన మాట కాదంటే ఆ కుర్చీ పోవచ్చు. కుర్చీ పోతే పోనీ అని ఊరికే అనుకోలేను, అది నాకు ఇష్టం, ఆ పని నాకు చాలా ఇష్టం. ఆయన మా ఇంటికి రావడం మానేస్తే అత్తమ్మ రాఖీ కట్టడానికి ఎవరుంటారు. ఆమెకున్నదే ఒక్కడు. ఇంత కష్టపడి తలుపు గురించి అంత గొడవ ఎందుకు పెట్టుకుందో ఇప్పుడు తెలుస్తోంది. తమ్ముడు చిన్నబుచ్చుకుంటాడని, అంతే.

భయం పోయిందా అని మేడమ్ ఎప్పుడూ అడగలేదు. భయంతోనే కూర్చోవచ్చు కదా అంటుంది. పాదాలు రెండూ నేలమీద ఆన్చు, చెప్పాల్సింది ఒక్క వాక్యం చెయ్యి, చెప్పినంక ఆగు, ఎదుటోళ్ళ మొహం మీద కోపం కనబడితే దాన్ని తుడవబోకు అంటుంది. ఆ తుడవడమే నాకు వచ్చిన విద్య. గచ్చు చల్లగా తగిలింది. వాక్యం మొదట ఆరు ముక్కలుగా ఉంది, మామా తప్పుగ అనుకోవద్దు, మీరు పెద్దలు, నాకంత తెలివి లేదు గానీ, ఆ రోజే చెప్పాల్సింది, దుకాణపోళ్ళు కూడా, సంతకం సంగతి. ఒక్కొక్కటే తీసేశాను. మీరు పెద్దలు అన్నది తియ్యడం కష్టమైంది, నిజమే కదా అది. నిజమే, కానీ ఈ వాక్యం దాని గురించి కాదు. దుకాణం వాళ్ళకు నిన్ననే ఫోన్ చేశాను, దసరాకు నాలుగు వందలు, మిగతావి ఉగాది లోపల, అన్నీ మగ్గం మీదివే అని. ఆలోచించి చెప్తం అన్నారు. సరే అనలేదు, వద్దనలేదు. వాళ్ళు సరే అంటేనే మామకు చెబుదామని రాత్రి దాకా అనుకున్నాను. అది మళ్ళీ అల్లం దంచడమే.

ఇంకొకటి కూడా మిగిలింది, ఎక్కడ చెప్పాలన్నది. మీటింగులో ఎనిమిది మంది ముందు ఒక్కసారిగా అంటే నాకు సులువే, చుట్టూ మనుషులుంటారు, మామ అరవలేడు. కానీ అది వెనక నుంచి కొట్టినట్టు. కారులో ఇద్దరమే ఉన్నప్పుడు చెబితే ఇంటి నుంచి ఆఫీసు దాకా నా బిడ్డవు గదా అని మాట మెత్తగా చుట్టేస్తాడు, దిగేసరికి నా తల ఊగి ఉంటుంది. ఎవరికి చెప్పాలంటే ఎక్కువ భయం అని ఎన్నోసారో అడిగింది మేడమ్, బోర్డు అన్నాను అప్పుడు. కాదు. బోర్డు కాదు. ఈ తలుపు అవతల ఉన్న నలుగురు. కోడలిగా లేచినదాన్ని, కోడలున్న చోటే చెప్పాలి.

ఎనిమిదీ ఇరవై ఎనిమిది. రెండు నిమిషాలు ముందే లేచాను, జడ విప్పి మళ్ళీ అల్లుకున్నాను, గడియ తీశాను.

హాల్లో మామ చెయ్యి కడుక్కొని తువ్వాలతో తుడుచుకుంటున్నాడు. అత్తమ్మ ఆయన పక్కన కింద కూర్చొని ఉంది. భాస్కర్ పేపరు, అర్చన ఫోను. అయిందా బిడ్డా, పోదామా అన్నాడు మామ. నేను స్టూలు లాక్కొని ఆయనకు ఎదురుగా కూర్చున్నాను. ఆయన ఎదురుగా నేను ఈ ఇంట్లో ఎప్పుడూ కూర్చోలేదని కూర్చున్నాకే గుర్తొచ్చింది. అర్చన ఫోను పక్కన పెట్టింది.

“మామా, మరమగ్గం చీరలకు మన లేబుల్ కుట్టే కాగితం మీద నేను సంతకం పెట్టను.”

ఆగాను. ఊపిరి ఒకటి, రెండు. మామ మొహంలో రంగు మారడం చూశాను, తుడవలేదు. అత్తమ్మ, ఏందే రజనీ, పొద్దుగాల పొద్దుగాల, అని మొదలుపెట్టింది. మామ ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

“ఆ కుర్చీల నిన్ను కూసోబెట్టింది ఎవరు బిడ్డా?”

“మీరే మామా. కూసున్న. అందుకే ఆ సంతకం నాది.”

“ఆనాడు మీటింగ్‌ల ఉంటివి గద. అప్పుడేమైంది నోరు?”

“అప్పుడు చెప్పలేదు. అది నా తప్పు. ఇప్పుడు చెప్తున్న.”

భాస్కర్ పేపరు మడిచాడు, నా వైపు చూశాడు, మామ వైపు చూశాడు, ఏదో సర్దబోయి నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. ఆయన మూసుకోవడం నాకు బలమైంది. దుకాణం వాళ్ళతో నిన్న మాట్లాడింది చెప్పాను, వాళ్ళింకా సరే అనలేదని కూడా చెప్పాను. ఆగిన మగ్గాల పేర్లు నాకూ తెలుసన్నాను, మొదటి నాలుగు వందల్లో వాళ్ళకే ముందు పడుగు ఇద్దామన్నాను.

“పది మందిల నా మాట తీసేస్తవన్నట్టు.”

“తియ్యను మామా. మీ మాట పక్కన నా మాట పెడ్త, చేతులెత్తమని అడుగుత. నేను ఓడిపోతే రాజీనామా ఇస్త. సంతకం మాత్రం పెట్టను. అత్తమ్మా, అర్చనా, మీరందరు కూడ నా నోటితోనే వినాలని చెప్తున్న, రేపు బయట ఎవరో చెప్తే వినొద్దని.”

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామ సంచి భుజానికి తగిలించుకొని లేచాడు, గుమ్మం దాకా పోయి చెప్పుల్లో కాళ్ళు పెడుతూ, తల తిప్పకుండా అడిగాడు.

“మీటింగ్‌ల కూడ గిట్లనే చెప్తవా?”

“గిట్లనే చెప్త మామా. ఇంతే మెల్లగ.”